తాబేలు డ్యూటీ

దోహాలో నేను పనిచేసిన ఇండియన్ స్కూల్లో కంప్యూటర్ గదిలోకి బూట్లు విప్పి వెళ్ళాలి. అది వైస్ ప్రిన్సిపాల్‌గారి ఆజ్ఞ. దుమ్ము పడితే కంప్యూటర్లు పాడైపోతాయని ఆవిడ నమ్మకం. పాడవుతాయనే అనుకుందాం. కానీ ఆ గది స్కూలు గ్రౌండులో, ఇసుక మధ్యలో ఇనుప కాళ్ళ మీద నిలబెట్టిన రేకు గది, పోర్టా క్యాబిన్ అంటారు. కిటికీ సందుల్లోంచి రోజూ చేటెడు దుమ్ము లోపలికి వచ్చేది. దాన్ని ఆపే ఆజ్ఞ ఆవిడ దగ్గర లేదు. క్లాసెడు పిల్లలు బయట మెట్ల దగ్గర కూచుని, లేసులు విప్పుకుని, మేజోళ్ళతో జారుకుంటూ లోపలికొచ్చి సర్దుకునేసరికి పీరియడ్‌లో పావు వంతు హరీ. చివర్లో మళ్ళీ లేసులు కట్టుకోవడానికి ఇంకో పావు. మిగిలిన సగంలో నేను వాళ్ళకి ప్రోగ్రామింగ్ నేర్పాలి.

అవి చమురు, గ్యాసు డబ్బు ఊరిని పట్టి లాగుతున్న రోజులు. ఎటు చూసినా క్రేన్లు, తవ్విపోసిన రోడ్లు, డైవర్షన్ బోర్డులు. ఊరి పక్కనే అల్ వక్రాలో ఉన్న మా ఇంటినుంచి స్కూలుకి ఆదివారం వెళ్ళిన దారి మంగళవారానికి ఉండేది కాదు. ప్రతి కంపెనీ మనుషుల్ని దించుతోంది, ఆఫీసు ఉద్యోగాల వాళ్ళ వెనకే పెళ్ళాం పిల్లలూ దిగుతున్నారు. స్కూల్లో సెక్షన్ల అక్షరాలు ఎ, బి, సి దాటి ఎక్కడికో పోయాయి. మా ఆయన గ్యాస్ ప్లాంటులో ఇంజినీరు. నేను ఎం.సి.ఏ. చదివి, ఆయన వీసా మీద వచ్చి ఇంట్లో కూచుని ఉన్నాను. పక్క ఫ్లాటావిడ చెబితే స్కూలు వాళ్ళు పిలిచి, రెండు ప్రశ్నలడిగి, ఆ పూటే క్లాసుకి తోలారు. చిన్నపిల్లలంటే నాకు ప్రత్యేకంగా ముద్దేమీ లేదు. ఇప్పటికీ లేదు. వాళ్ళకి అది త్వరగానే తెలిసిపోయింది, రెండు వైపులా సుఖమైంది.

బూట్లు వరసగా పెట్టడం, విప్పలేని లేసులు విప్పడం, దుమ్ము తుడవడం, పొద్దున్నే ఏసీ వేసి మెయిన్ స్విచ్ ఆన్ చెయ్యడం, ఇవన్నీ ల్యాబ్ అటెండర్ పనులు. ఆ అటెండర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. నలభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నిజానికి అతను స్కూలు ఉద్యోగి కాదు. ఒక మ్యాన్‌పవర్ కంపెనీ మనిషి, సైట్లలో సెంట్రింగ్ పని చేసేవాడు. అంతకు ముందు ఎండాకాలం సైటులో కళ్ళు తిరిగి పడిపోతే ఆస్పత్రిలో పెట్టారు. మళ్ళీ ఎండలో పని చేయించొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. కంపెనీ అతన్ని ఇంటికి పంపలేదు, స్కూలుకి పంపింది.

"నన్ను కిరాయికిచ్చిన్రు మేడం, ట్రాక్టర్ లెక్క," అన్నాడు, నేను అడిగినప్పుడు. "ల్యాబ్ ఉన్నన్ని దినాలు ఈడ. ల్యాబ్ బందైతే మళ్ల సైటే. ఇంకో ఎండకాలం నాతోని గాదు. ఎండ సంగతి మీకు ఎరుకే గద."

నాకేం ఎరుక. నేను ఏసీ కారులోంచి ఏసీ గదిలోకి దిగే మనిషిని. కానీ ఎరుకే అన్నట్టు తలూపాను.

ఆ చలికాలం వైస్ ప్రిన్సిపాల్ నన్ను పిలిచింది. క్లాసు గదులు చాలడం లేదు, చిన్నపిల్లలకి కంప్యూటర్ ఏం అవసరం, ఆరో తరగతి నుంచి చాలు, ఈ పోర్టా క్యాబిన్‌ని క్లాసు గది చేసేద్దామని మేనేజింగ్ కమిటీ అనుకుంటోందట. ముందు ఒకసారి వచ్చి చూస్తారట. "పిల్లలు ఏం నేర్చుకున్నారో చూపించండి," అంది. నిజం చెప్పాలంటే అప్పటికి మా పిల్లలు బూట్లు విప్పడం ఒక్కటే బాగా నేర్చుకున్నారు. ఆ మాట పైకి అనలేదు.

ఈ సంగతి అటెండర్‌కి చెప్పాను. చెప్పకపోతే బాగుండదనిపించింది. ఆ కాలం మౌసుల కింద గోళీలు ఉండేవి, వాటికి దుమ్ము పట్టి తిరిగేవి కావు. అతను ఒక మౌసు విప్పి, గోళీ బయటికి తీసి, చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. తుడవడం ఆపలేదు.

"ఎన్నడొస్తరు మేడం?" అన్నాడు.

"పరీక్షలకి ముందు."

"అంటే ఎండలు మొదలుగాక ముంగటనే," అని గోళీని దాని గుంటలో పెట్టి మూత తిప్పాడు.

మేం నేర్పేది లోగో అని, చిన్నపిల్లల కోసం చేసిన ప్రోగ్రామింగ్. తెర మధ్యలో ఒక తాబేలు ఉంటుంది. చూడ్డానికి ఉత్త త్రికోణం, తాబేలని మనమే అనుకోవాలి. ఫార్వర్డ్ అంటే ముందుకి పోతుంది, రైట్ అంటే కుడికి తిరుగుతుంది, లెఫ్ట్ అంటే ఎడమకి. పోయిన దారంతా గీత పడుతుంది. వినడానికి ఇంతే. కానీ తాబేలు కిందికి తిరిగి ఉన్నప్పుడు దాని కుడి మన ఎడమవైపు ఉంటుంది, అక్కడొస్తుంది తంటా. పిల్లలు మెడలు వంకర పెట్టి, కుర్చీల్లో వెనక్కి తిరిగి, కొందరైతే తల బల్ల కిందికి వాల్చి చూసేవాళ్ళు. ఇల్లు గీయమంటే ఇంకో తంటా. పుస్తకంలో ఇల్లంటే చతురస్రం, దానిమీద త్రికోణం. అక్కడే పుట్టిన పిల్లలు చతురస్రం గీసి చేతులు కట్టుకుని కూచునేవాళ్ళు. పైన త్రికోణం ఏదంటే, "ఇంటిమీద అదెందుకు మిస్?" అనేవాళ్ళు. వాళ్ళు చూసిన ఇళ్ళన్నీ డాబాలే, నేనేం చెప్పను.

ఒకరోజు ఓపిక పూర్తిగా చచ్చిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ అటెండర్‌ని పిలిచాను.

"ఇలా రండి. ఇవాళ్టినుంచి మీరే తాబేలు."

"ఏందీ?"

"తాబేలు. వీళ్ళు ఎటు చెబితే అటు నడవండి. నేలమీద ఒక పలక ఒక అడుగు."

కుర్చీలు పక్కకి జరిపాం. అతను మధ్యలో నిలబడ్డాడు. ఒక్కొక్కళ్ళూ లేచి అతన్ని తలుపు దాకానో కిటికీ దాకానో నడిపించాలి. క్లాసు మొత్తం ఒక్కసారిగా బతికింది. అంత పొడుగు మనిషి తమ మాట మీద తిరుగుతుంటే పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. అందరి ప్రోగ్రాములూ ఒప్పే అయ్యాయి. అందరివీ. అదే నాకు అనుమానం తెప్పించింది.

అవే మాటలు కంప్యూటర్లో కొట్టిస్తే తాబేళ్ళన్నీ తలో దిక్కుకి పోయాయి. "మిస్, కంప్యూటర్ పాడైంది," అన్నారు. అప్పుడు అటెండర్‌ని జాగ్రత్తగా గమనించాను. ఒక పిల్ల ఎడమ అనాల్సిన చోట రైట్ అంది. అతను శుభ్రంగా ఎడమకి తిరిగాడు. ఇంకో పిల్లాడు మూడు పలకలు చాలిన చోట ఐదన్నాడు. అతను బల్ల ముందు మూడో పలక మీద ఆగిపోయి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది. క్లాసయ్యాక అడిగేశాను.

"ఆ పిల్ల రైట్ అంటే మీరు లెఫ్ట్‌కి ఎందుకు తిరిగారు?"

"ఆ పిల్ల మనసుల లెఫ్టే ఉన్నది మేడం. నోటికి తప్పొచ్చింది. నాకు సమజైంది."

"మీకు సమజవకూడదు. తాబేలుకి బుర్ర ఉండదు. చెప్పింది చెప్పినట్టు చెయ్యాలంతే."

"సైటుల గట్లనే చేస్త మేడం. గోడ కట్టుమంటె కడ్త. తెల్లారి కూలగొట్టుమంటె కూలగొడ్త. ఎందుకని అడగ. ఈడ పిల్లలాయె. పిల్లలు తప్పు చెప్తె దిద్దొద్దా?"

"వద్దు. మీరు దిద్దితే వాళ్ళకి తప్పు కనబడదు. వాళ్ళే చూసి, వాళ్ళే దిద్దుకోవాలి. మీరు గోడకి గుద్దుకుంటేనే వాళ్ళకి చదువొస్తుంది."

"గుద్దుకోవాల్నా?"

"గుద్దుకోవాలి."

"మంచిది," అన్నాడు. మర్నాడు నిజంగానే వెళ్ళి నుదురు గోడకి ఆనేదాకా నడిచి, ఆగమని ఎవరూ అనలేదు కాబట్టి అక్కడే కాళ్ళు కదుపుతూ నిలబడ్డాడు. పిల్లలు ముందు నవ్వారు. తరవాత గతుక్కుమన్నారు. చెప్పిన పిల్లాడు లేచి, వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, తన మాట తనే దిద్దుకున్నాడు. నేను నెలల తరబడి గొంతు చించుకున్నా రానిది గోడ దగ్గర ఒక్క క్షణంలో వచ్చింది. నాకు చాలా సంతోషం కలిగింది, కొంచెం ఉక్రోషం కూడా.

అతను ఆ పనిలో లీనమైపోయాడు. పిల్లలు టర్టిల్ అంకుల్ అని పిలవడం మొదలుపెట్టారు. "ఇంటికి ఫోన్ చేసిన మేడం," అన్నాడొకసారి. "దుబాయ్‌ల ఏం పని బాపూ అని అడిగింది నా బిడ్డ. తాబేలు డ్యూటీ అన్న. నమ్ముతలేదు." వాళ్ళ పల్లెలో గల్ఫ్ మొత్తం దుబాయే. కంప్యూటర్ పాఠాలు నాకు వదిలేసి, మిగతా చదువులు తనే చెప్పేవాడు. లేసు రెండు చెవులుగా మడిచి, ఒకదాని కిందినుంచి ఇంకోటి లాగి, మళ్ళీ ఇంకో ముడి వేసి బిగించడం. మౌసు గోళీ తియ్యడం, తుడవడం. కంప్యూటర్ని వరసప్రకారం ఆన్ చెయ్యడం, ఆపడం. అతని ముడి రోజంతా ఆడినా ఊడేది కాదు.

అప్పుడే నాలుగో తరగతిలోకి విజయవాడ నుంచి ఒక పిల్ల కొత్తగా వచ్చింది. ఇంగ్లీషు ఇంకా పట్టుబడలేదు, మొండితనం మాత్రం పూర్తిగా పట్టుబడింది. అటెండర్ తెలుగు మాట్లాడతాడని తెలిసిన దగ్గర్నుంచి, బూట్లు అందరికంటే ముందు విప్పి లోపలికి వచ్చేది. ఆ పిల్ల వల్లే నాకొక విచిత్రం బయటపడింది. సున్నా గీయమంటే క్లాసంతా తాబేలుని ఎడమకి తిప్పుకుంటూ గీస్తారు. ఈ పిల్ల ఒక్కతీ కుడికి తిప్పుతుంది. సున్నా ఎటు తిప్పినా సున్నాయే, అందులో తప్పు లేదు. కానీ అందరూ ఒకవైపు, ఈమె ఒకవైపు ఎందుకో నాకు అంతు పట్టలేదు.

ఒక సాయంత్రం ఇంటికెళుతూ కారులో అర్థమైంది. దోహాలో అప్పట్లో అడ్రసులు ఎవరూ చెప్పేవారు కాదు. ఎవరిల్లైనా ఫలానా రౌండబౌట్ దాటి రెండో ఎగ్జిట్ అనే చెప్పేవాళ్ళు. అక్కడ బళ్ళు రోడ్డుకి కుడిపక్క నడుస్తాయి. రౌండబౌట్ చుట్టూ ఎడమకే తిరుగుతాయి. పుట్టిన దగ్గర్నుంచి కారు వెనక సీట్లో ఎడమకి తిరిగిన పిల్లలకి లోకంలో సున్నా అంటే ఎడమకే. విజయవాడ పిల్లది ఇంకా బెజవాడ ట్రాఫిక్కే, రోడ్డుకి ఎడమపక్క నడిచి, సర్కిల్ చుట్టూ కుడికి తిరిగేది.

మా ఆయనకి చెబితే, "ఇది కనిపెట్టడానికా నీకు ఎం.సి.ఏ.?" అన్నారు.

అన్నట్టే కమిటీ పరీక్షలకి ముందు వచ్చింది. ఛైర్మన్ రోడ్ల కాంట్రాక్టరు, పెద్దమనిషి. ఆయన మెట్టు దగ్గర ఆగి బూట్లకేసి చూసుకుంటుంటే మా అటెండర్ అలవాటు కొద్దీ గొంతుక్కూచుని ఆయన లేసు పట్టుకున్నాడు. ఆయన కంగారుగా కాలు వెనక్కి లాక్కుని తనే విప్పుకున్నాడు. లోపల గోడ పక్కన కుర్చీలు వేశాం. వైస్ ప్రిన్సిపాల్ ఆరోజు మహా ఉత్సాహంగా ఉంది. ఈ పిల్లలు ఎవరి సాయం లేకుండా కంప్యూటర్లు ఆన్ చేస్తారు, ఆపుతారు, మౌసులు తుడుస్తారు, లేసులు కూడా ఒకరివొకరు కట్టుకుంటారు, చూడండని అన్నీ చేయించి చూపించింది. అవి నేర్పిన మనిషి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

తరవాత నా వంతు. గది మధ్యలో గుండ్రటి బల్ల పెట్టి, రౌండబౌట్ అన్నాను. తాబేలు దాన్ని చుట్టి ఆవలి పక్క కిటికీ చేరాలి. ఎవరు చెబుతారంటే అందరికంటే ముందు విజయవాడ పిల్ల లేచి నిలబడింది. కూచోమనే వీలు లేకపోయింది.

బల్ల దగ్గరికి రాగానే ఆ పిల్ల తన ఊరి అలవాటు ప్రకారం, బల్ల కుడిచేతి పక్క ఉండేలా ముందు "లెఫ్ట్" అని, చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. "మిస్, రాంగ్ సైడ్," అని క్లాసంతా గోల. అటు పక్కనే ఛైర్మన్ కుర్చీ ఉంది. పిల్ల గాభరాలో "ఫార్వర్డ్ ఫోర్" అంది. కుర్చీకి రెండే పలకలున్నాయి.

అటెండర్ నాకేసి చూశాడు. దిద్దమంటావా అన్నదే ఆ చూపు. అతనికి ఆ పిల్ల మనసులో ఏముందో తెలుసు. ల్యాబ్ పోతే తను ఎక్కడికి పోతాడో అంతకంటే బాగా తెలుసు. తల అడ్డంగా ఊపాను.

అతను నడిచాడు. మోకాళ్ళు ఛైర్మన్ మోకాళ్ళకి తగిలేదాకా నడిచి, మిగిలిన రెండడుగులూ అక్కడే నిలబడి వేశాడు. ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. బల్లని చూసింది, క్లాసుని చూసింది, తన చేతులు చూసుకుంది. అప్పుడు నెమ్మదిగా, "బ్యాక్ టూ," అని మొదటినుంచి, ఈసారి ఆ ఊరి పద్ధతిలో చుట్టూ తిప్పి, అతన్ని తిన్నగా కిటికీకి చేర్చింది. ఎవరూ సాయం చెయ్యలేదు.

ఛైర్మన్ పడీపడీ నవ్వాడు. మేం రౌండబౌట్లన్నీ పీకి సిగ్నళ్ళు పెడుతున్నాం, ఈ పిల్లలకి అదికూడా నేర్పించండి అన్నాడు. అటెండర్ని చూపించి, చెప్పింది చెప్పినట్టు చేసే ఇలాంటివాళ్ళు సైటులో దొరికితే ఎంత బాగుణ్ణు అన్నాడు. చిన్నపిల్లలకి ల్యాబ్ ఉంచుతున్నామని అక్కడే చెప్పేశాడు. కొత్త కంప్యూటర్లు కూడా ఇస్తామన్నాడు. వాళ్ళు వెళ్ళాక అటెండర్ ముఖం చూడాలి. "ఎండకాలం గడ్డకెక్కిన మేడం," అన్నాడు. ఆ పిల్లకి జేబులోంచి ఒక చాక్లెట్ బిళ్ళ తీసిచ్చాడు.

వారం తిరక్కముందే వైస్ ప్రిన్సిపాల్ పిలిచింది. ల్యాబ్ ఉంటుంది. అటెండర్ అక్కర్లేదు. అన్నీ పిల్లలే చేసుకుంటున్నారు కదా, కమిటీకి అది చాలా నచ్చిందట. కంపెనీ కూడా మనిషిని వెనక్కి అడుగుతోందట, సైట్లలో జనం చాలడం లేదు.

"డాక్టరు ఎండలో వద్దన్నాడు," అన్నాను.

"అది అతని కంపెనీ చూసుకుంటుంది. అతను మన మనిషి కాదు కదా. ల్యాబ్ నిలబడింది, సంతోషించండి."

నేను చాలా మాటలే అన్నాను. అవి ఇక్కడ రాయను, వాటివల్ల ఏమీ జరగలేదు కాబట్టి. ఇంటికొచ్చి ఉద్యోగం మానేస్తానన్నాను. "నువ్వు మానేస్తే అతనికి ఒరిగేదేంటి?" అన్నారు మా ఆయన. మీ ఆఫీసులో ఏదైనా పని ఇప్పించండంటే, కంపెనీ వదలనిదే అతను ఇంకోచోట చేరలేడు, వాళ్ళు వదలరు అన్నారు. రెండూ నిజమే. ఆ నిజాల మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

అటెండర్‌కి నేనే చెప్పాను. అతను బూట్లు వరసగా పెడుతున్నాడు.

"ల్యాబ్ ఉన్నది గద మేడం. మంచిదే."

"మీరూ ఉంటారనుకున్నాను."

"నేను గూడ గట్లనే అనుకున్న," అన్నాడు. "ల్యాబ్, నేను ఒక్కటే అనుకున్న."

పరీక్షలయ్యి కొత్త తరగతులు మొదలయ్యేదాకా అతన్ని ఉంచారు, చివరి రోజుకి ఎండలు ముదిరాయి. ఆఖరి పీరియడ్ అయ్యేసరికి కంపెనీ బస్సు వస్తుందన్నారు. ఉత్తరాన అల్ రువైస్ వైపు ఏదో కొత్త సైటు. స్కూల్లో ఎప్పుడూ రబ్బరు చెప్పులతో తిరిగే మనిషి ఆరోజు సైటు బూట్లతో వచ్చాడు. గుమ్మం బయట చిన్న చిన్న నల్ల బూట్ల వరస చివర అవి కూడా విప్పి పెట్టాడు.

అప్పటికి ఐదులోకి వచ్చిన మా నాలుగో తరగతి పిల్లలు తాబేలు ఆట కావాలంటే సరేనన్నాను. పాఠం చెప్పే ఓపిక నాకూ లేదు. ఎవరు చెబుతారంటే విజయవాడ పిల్ల లేచింది. రేపటినుంచి రానని ఆమెకి అతనే చెప్పాడట.

"అంకుల్ని తలుపు దాకా తీసుకెళ్ళు," అన్నాను.

పిల్ల ఒకసారి గదంతా చూసుకుంది. ఇంగ్లీషు అప్పటికి బాగానే వచ్చేసింది. తడుముకోకుండా చెప్పింది. ఫార్వర్డ్ సిక్స్. లెఫ్ట్. ఫార్వర్డ్ త్రీ. లెఫ్ట్. ఫార్వర్డ్ టూ. అతను చెప్పింది చెప్పినట్టు నడిచాడు. నడిచి నడిచి మెయిన్ స్విచ్ పక్కన, రోజూ తను కూచునే స్టూలు ముందు ఆగాడు.

"సిట్," అంది పిల్ల.

లోగోలో ఆ మాట లేదు. అతను కూచున్నాడు.

"తలుపు అటు కదా," అన్నాను.

"తెలుసు మిస్," అంది. "ప్రోగ్రామ్ అయిపోయింది."

బయట బస్సు హారన్ కొట్టింది. అతను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే కూచున్నాడు. ఆ పిల్లని కూచోమనలేకపోయాను, అతన్ని లెమ్మనలేకపోయాను. నాకు ఏడుపొచ్చింది. బోర్డు తుడవడానికి అటు తిరిగాను.

రెండోసారి హారన్ మోగాక అతను లేచాడు. ఎవరూ ఏమీ చెప్పకుండానే. తాళాలు నా బల్లమీద పెట్టి, తలుపు తీసుకుని బయటికెళ్ళి, మెట్టుమీద కూచుని ఒక బూటు వేసుకుని లేసు కట్టుకున్నాడు. రెండోది వేసుకునేలోపు ఆ పిల్ల మేజోళ్ళతోనే వెళ్ళి ఇసుకలో గొంతుక్కూచుని, ఆ లేసు అందుకుంది. రెండు చెవులుగా మడిచి, కిందినుంచి లాగి, పైన ఇంకో ముడి వెయ్యడం మొదలుపెట్టింది.

బస్సు హారన్ మోగుతూనే ఉంది. ముడి పడేదాకా అతను కాలు కదపలేదు.